ఓరుగల్లు నిలువుగా పెరిగితే

*జైలు గోడలు కూల్చిన చోట 24 అంతస్తుల దవాఖాన లేచింది. చౌరస్తాల్లో పాత మడిగెలు పోయి షాపింగ్ కాంప్లెక్సులు వస్తున్నాయి. ఊరంతా తల పైకెత్తి చూస్తోంది. అసలు సంగతి మాత్రం కింది అంతస్తులో ఉంది.*

పొద్దున ఏడు గంటలు. వరంగల్ ఎంజీఎం దవాఖాన గేటు ముందు ఇడ్లీ బండి చుట్టూ జనం మూగి ఉన్నారు. ఒకరి చేతిలో స్టీలు టిఫిను డబ్బా, ఇంకొకరి చంకలో ఎక్స్‌రే కవరు. రాత్రంతా ఆవరణలో చెట్టు కింద చాపేసుకుని పడుకున్న ఓ అవ్వ కొంగు దులుపుకుంటూ వచ్చి, అల్లంత దూరాన ఆకాశాన్ని అడ్డుకుంటున్న కట్టడాన్ని చూసి ఆగిపోయింది.

"గదేంది బిడ్డా, గంత పొడుగున్నది?"

"కొత్త దవాఖాననే అవ్వా. ఇరవై నాలుగంతస్తులు."

"అగో! మరి మీదికెట్ల ఎక్కుడు?"

"లిఫ్టులుంటయి తియ్యి."

"కరెంటు పోతెనో?"

చాయ్ తాగుతున్న ఆటో డ్రైవరు నవ్వేసి గ్లాసు కింద పెట్టాడు. నవ్వాడు గానీ, అవ్వ అడిగింది చిన్న ప్రశ్న కాదు. నూట నలభై ఏళ్లుగా ప్రపంచంలో ఎత్తయిన భవనం కట్టిన ప్రతి ఇంజినీరూ ముందు తేల్చుకోవాల్సి వచ్చిన ప్రశ్న అది. పైకి కట్టడం ఒక ఎత్తు. కట్టిన దాంట్లో మనుషులు బతికేలా చూడటం ఇంకో ఎత్తు.

జైలు పోయి దవాఖాన వచ్చె

ఆ కట్టడం నిలబడ్డ నేలకు పెద్ద చరిత్రే ఉంది. 1886లో నిజాం పాలనలో కట్టిన వరంగల్ సెంట్రల్ జైలు అక్కడే ఉండేది. ఖైదీలు నేసిన జంపఖానాలకు ఊళ్లో మంచి పేరు. జైలు నర్సరీ నుంచి మొక్కలు తెచ్చి పెరట్లో నాటుకున్న ఇళ్లు హన్మకొండలో ఇప్పటికీ కనబడతాయి. 2021 జూన్‌లో ఖైదీలను వేరే జైళ్లకు తరలించారు. గోడలు కూల్చారు. ఆ నెల 21న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. ఊరి నడుమ అంత ఖాళీ జాగ దొరకడం వరంగల్ ఈమధ్య కాలంలో ఎరగదు.

మొదట అనుకున్న ఖర్చు 1,100 కోట్లు. తర్వాత అది 1,700 కోట్లు దాటింది. 2024 జూన్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పనులు చూడటానికి వచ్చినప్పుడు, అంచనాలు అంతగా పెరగడం మీద ఫోరెన్సిక్ ఆడిట్ జరపమన్నారు. మొదట చెప్పిన గడువులు దాటిపోయాయి. రాజకీయ వాదులాట ఎలాగూ నడుస్తుంది. దాన్ని పక్కన పెడితే ఇంకో ప్రశ్న మిగులుతుంది. దవాఖానను అడ్డంగా కాక నిలువుగా ఎందుకు కట్టాలి?

ఎంజీఎం అడ్డంగా పెరిగిన ఆసుపత్రి. ఒక బ్లాకు కట్టారు, చాలలేదని పక్కన ఇంకోటి కట్టారు. క్యాజువాలిటీ నుంచి స్కానింగుకు, అక్కడినుంచి వార్డుకు స్ట్రెచర్ తోసుకుంటూ వెళ్లాలి. వానొస్తే సెలైన్ బాటిల్ పైకెత్తి పట్టుకున్నవాళ్లే గొడుగు కూడా పట్టాలి. అదే ఆపరేషన్ థియేటర్లు ఒక అంతస్తులో, వాటి మీద ఐసీయూ, కింద ల్యాబు, రక్తనిధి పేర్చితే స్ట్రెచర్ పోవాల్సిన దూరం తగ్గుతుంది. ఈ మేరకు నిలువు ఆసుపత్రికి వాదన గట్టిదే.

చెట్టు కింద పడుకున్న అవ్వ సంగతే తేలలేదు. మన సర్కారు దవాఖానలో ఒక పేషెంటు వెంట ఇద్దరు ముగ్గురు వస్తారు. మహబూబాబాద్ నుంచో, ములుగు నుంచో, సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ నుంచో వచ్చినవాళ్లకు వండుకోవడానికి, స్నానానికి, పడుకోవడానికి చోటు కావాలి. ఎంజీఎం ముందు ఉన్న మెడికల్ షాపులు, హోటళ్లు, లాడ్జీలు, మంచం అద్దెకిచ్చే ఇళ్లు, పండ్ల బండ్లు, పాత బట్టలమ్మే మనిషి, వీళ్లందరినీ కలిపితేనే ఆ దవాఖాన నడుస్తోంది. ప్లానర్లు ఇంత లావు పుస్తకాల్లో మిశ్రమ వినియోగం అని రాసేది దీని గురించే. రెండు వేల పడకల ఆసుపత్రి పెడితే వెంట వచ్చేవాళ్లు కనీసం నాలుగు వేలు. వాళ్ల కోసం కింది రెండు అంతస్తులు, చుట్టూ ఉన్న ఆవరణ ఎలా వాడతారన్నదే డిజైన్. పైన హెలిప్యాడ్ గురించి పత్రికల్లో వచ్చినంత ఇది రాలేదు.

> మొదటి మేడలు
>
> • లిఫ్టు తాడు తెగినా కింద పడకుండా ఆపే బ్రేకును ఎలీషా ఓటిస్ 1850ల్లో న్యూయార్క్‌లో జనం ముందు చూపించాడు. అంతకు ముందు పై అంతస్తులంటే మెట్లెక్కలేక ఎవరికీ ఇష్టముండేది కాదు, అద్దె తక్కువ. లిఫ్టు వచ్చాక పైకి పోయేకొద్దీ ధర పెరిగింది.
>
> • షికాగోలో 1885లో విలియం లె బారన్ జెన్నీ కట్టిన హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగు మొట్టమొదటి ఆకాశహర్మ్యమని చాలామంది ఒప్పుకుంటారు. అది పది అంతస్తులే! బరువును గోడలు కాక లోపలి ఇనుప చట్రం మోయడం దాని ప్రత్యేకత.
>
> • అదే షికాగోలో 1969లో పూర్తయిన 100 అంతస్తుల జాన్ హాన్‌కాక్ సెంటర్‌కు ఇంజినీరు ఢాకాలో చదివిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. కింద దుకాణాలు, ఆపైన కారు పార్కింగ్, తర్వాత ఆఫీసులు, 44వ అంతస్తు నుంచి ఇళ్లు. ఉద్యోగం కింద, కాపురం పైన.

కింద మడిగె, మీద కాపురం

కొట్టూ ఇల్లూ ఒకే కప్పు కింద ఉండటం వరంగల్‌కు షికాగో నేర్పాల్సిన విద్య కాదు. బట్టల బజార్ గల్లీలోకి నడిచి రండి. కింద ఇనుప షట్టరు, దాని ముందు నున్నగా అరిగిన గ్రానైటు బండ. పక్కన ఒక మనిషి ఒరిగి ఎక్కేంత సన్నటి మెట్లు. మీద కాపురం. అరుగు మీద సేటు కూర్చుని గజంబద్దతో గుడ్డ కొలుస్తుంటే, పైనుంచి తాడు కట్టిన బుట్టలో చాయ్ గ్లాసు దిగుతుంది. డాబా మీద వడియాలు, ఎండుమిర్చి. పొద్దున ఆరింటికి ఇంట్లోవాళ్లు వాకిలి చల్లుతారు, పదింటికి గిరాకీ వస్తుంది, రాత్రి పదకొండింటికి కూడా ఎవరో ఒకరు మెలకువతో ఉంటారు. పిన్నవారి వీధి, గిర్మాజీపేట, మండి బజార్, హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల అంతా ఇదే పద్ధతి. ఎత్తు మహా అయితే రెండంతస్తులు. కానీ ఒక్క గజం నేల కూడా ఇరవై నాలుగు గంటల్లో ఊరికే ఉండదు.

1990ల నుంచి ఆ పాత ఇళ్లు ఒక్కొక్కటే కూలాయి. అన్నదమ్ములు పంచుకోవాలంటే నిలువునా కోయలేని ఇల్లు కాబట్టి బిల్డరుకు ఇచ్చేశారు. ఆ చోట్లో నాలుగైదు అంతస్తుల కాంప్లెక్సు వచ్చింది. కింద బట్టల షోరూము, మీద కోచింగ్ సెంటరు, ఆపైన డెంటల్ క్లినిక్కు. ప్లానులో పార్కింగ్ అని చూపించిన సెల్లారులో మెడికల్ షాపో, జిరాక్సు సెంటరో, ల్యాబో. కార్లు, బండ్లు రోడ్డు మీద. సెల్లారు మీద నోటీసు ఇస్తారు, నెల రోజులు మూసేస్తారు, మళ్లీ తెరుచుకుంటుంది. కాపురం ఉన్న కుటుంబం మాత్రం నయీంనగర్‌కో, హంటర్ రోడ్డుకో, ఇంకా అవతలికో పోయింది. సాయంత్రం షట్టర్లు దించాక ఆ వీధిలో కుక్కలు తప్ప మనుషులుండరు. పగటి పూట నడవలేనంత రద్దీ, రాత్రి పూట నడవాలంటే భయం. మన ఊళ్లో నిలువు పెరుగుదల మొదటి విడతలో పోగొట్టింది ఇదీ.

హన్మకొండలో ప్రైవేటు ఆసుపత్రులు వెలిసిన గల్లీల్లో ఈ తమాషా ఇంకా ముదిరింది. ఇళ్ల కోసం వేసిన ముప్పై అడుగుల రోడ్డులో ఎదురెదురుగా రెండు నర్సింగ్ హోములు. అంబులెన్సు వెనక్కి తిప్పాలంటే డ్రైవరు దిగి నాలుగు బైకులు పక్కకు జరపాలి.

జాగ లేక కాదు

"జాగ ఏడున్నది సార్, మీదికే పోవాలె" అనేది రియల్ ఎస్టేట్ ఆఫీసుల్లో వినిపించే మొదటి మాట. లెక్క చూడండి. 2013లో 42 గ్రామాలు కలిశాక గ్రేటర్ వరంగల్ విస్తీర్ణం 400 చదరపు కిలోమీటర్లు దాటింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ పరిధిలో ఉన్నది ఎనిమిది లక్షల పైచిలుకు. చదరపు కిలోమీటరుకు సుమారు రెండు వేల మంది. పదిహేనేళ్లలో ఎంత పెరిగిందనుకున్నా ఇది జాగ లేని ఊరి లెక్క కాదు. కరువు ఉన్నది స్టేషన్ దగ్గర, చౌరస్తా దగ్గర, ఎంజీఎం దగ్గర. అందరికీ కావాల్సిన నాలుగైదు చోట్ల. ఎత్తు అక్కడ ఉపయోగం. ఊరి బయట పొలాల నడుమ ప్రహరీ కట్టి పాతిక అంతస్తులు లేపితే, పాల ప్యాకెట్టుకు కూడా కారు తియ్యాల్సిన కాలనీ తప్ప పట్నం తయారు కాదు.

హైదరాబాద్ పడమటి అంచున జరిగింది అదే. కోకాపేట నియోపొలిస్‌లో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. అంత పోసి కొన్నవాడు యాభై అంతస్తులు కట్టక ఏం చేస్తాడు? ఎత్తుకు మొదటి కారణం ఎప్పుడూ నేల ధరే. మన దగ్గర చట్టం కూడా దానికి దారి వదిలింది. దేశంలో పెద్ద నగరాలు చాలా వరకు ప్లాటు విస్తీర్ణానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలని గీత గీస్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో హైదరాబాద్‌కు, 2012లో 168 నంబరు జీవోతో మిగతా పట్టణాలకు ఆ గీత తీసేశారు. ఎంత ఎత్తు కట్టవచ్చో ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ తేలుస్తాయి.

వినడానికి బాగుంది. ఆచరణలో దాని ఫలితం వరంగల్‌లో వింతగా ఉంటుంది. వెడల్పు రోడ్లు ఊరి బయట బైపాసుల మీద ఉన్నాయి, ఇరుకు రోడ్లు ఊరి నడుమ ఉన్నాయి. కాబట్టి చట్టప్రకారం మేడ కట్టగలిగే చోటు జనం లేని చోటు. జనం ఉన్న చోట అయిదంతస్తులే గగనం. ఈ తిరకాసును విప్పకుండా డౌన్‌టౌన్ అభివృద్ధి గురించి ఎంత మాట్లాడినా గాలిలో మాటే. రోడ్డు వెడల్పుకు జాగ ఇచ్చినవాళ్లకు బదులుగా టీడీఆర్, అంటే వేరే చోట అదనంగా కట్టుకోవడానికో అమ్ముకోవడానికో పనికొచ్చే హక్కు బాండు, ఇచ్చే పద్ధతి ఉంది. ఆ బాండును ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు అన్న అనుమానంతో పాత బజారు యజమాని గోడ జరపడు.

> ఎత్తుకు ఎన్ని గీతలో
>
> • 2012 నిబంధనలు 18 మీటర్లను హైరైజ్ భవనానికి మొదలుగా పెట్టుకున్నాయి. 21 మీటర్ల వరకూ కట్టాలన్నా 12 మీటర్ల రోడ్డు, చుట్టూ 7 మీటర్ల ఖాళీ ఉండాలన్నాయి. 50 మీటర్లు దాటితే రోడ్డు 30 మీటర్లు, అంటే దాదాపు వంద అడుగులు.
>
> • కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతితోనే. వేయిస్తంభాల గుడి హన్మకొండ నడిబొడ్డున ఉంది, కోట తోరణాలు వరంగల్ పక్కనే ఉన్నాయి.
>
> • మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్రం పచ్చజెండా ఊపింది. నిజాం కాలంలో 1930ల్లో వేసిన రన్‌వే అది. విమానాలు మళ్లీ దిగితే, దిగే దారిలో ఉన్న భవనాల ఎత్తుకు విమానాశ్రయ సంస్థ అనుమతి తప్పదు.

మిల్లు నేల మిగిల్చిన పాఠం

ఊరి నడుమ జాగ దొరకడం జైలుతోనే మొదలు కాలేదు. అంతకు ముందు ఆజంజాహీ మిల్లు ఉంది. చివరి నిజాం కొడుకు ఆజం జా పేరు మీద 1934లో మొదలైన ఆ బట్టల మిల్లు సైరనుతో సగం వరంగల్ నిద్రలేచేది. షిఫ్టు మారేటప్పుడు రోడ్డంతా సైకిళ్లే. 1970ల్లో జాతీయ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి పోయింది, 2000ల మొదట్లో మూతపడింది. రైల్వే స్టేషనుకు అందుబాటులో అంత పెద్ద నేల ఒక్కసారిగా ఖాళీ అయింది. కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, మన నోట్లో నలిగిన పేరు కుడా, అందులో చాలా భాగం కొని ఓ-సిటీ పేరుతో ప్లాట్లు వేసి అమ్మింది. మిగిలిన పాత మిల్లు భవనాన్ని 2016లో కూల్చేశారు. తర్వాత ఆ ఆవరణలో వరంగల్ జిల్లా కలెక్టరేటు కట్టడం మొదలైంది.

ప్లాట్లు కొన్నవాళ్లను తప్పు పట్టేదేమీ లేదు. సొంతంగా రెండు వందల గజాలు కొనుక్కుని ఇల్లు కట్టుకోవడం మన మధ్యతరగతి కల. కానీ మేడలు, బజారు, చిన్న ఇళ్లు, బడి, మిల్లు కార్మికుల పిల్లలకు పని, అన్నీ ఒకేచోట కుదిరే నేల ఊరి నడుమ ఎన్నిసార్లు దొరుకుతుంది? మిల్లు కార్మికులు ఇళ్ల స్థలాల కోసం ఏళ్ల తరబడి తిరిగారు. ముంబైలో గిరణ్‌గావ్ మిల్లులు పోయి అద్దాల మేడలు, మాల్స్ వచ్చాయి, కార్మికులు అక్కడా అంచుకే పోయారు. వరంగల్‌లో అద్దాల మేడలు రాలేదు గానీ కార్మికుడికి దక్కిన దాంట్లో పెద్ద తేడా లేదు. పాత మిల్లు గోడలో నాలుగు బారలైనా ఉంచి ఉంటే మ్యూజియమో, బజారో అయ్యేది. చార్మినార్ దగ్గరికి పోయి ఫొటోలు దిగి వచ్చే మనం సొంతూరి మిల్లు చిమ్నీ విలువ గుర్తించలేదు.

ఆ బుధవారం పొద్దున

2024 డిసెంబరు 4, ఏడు గంటల ఇరవై ఏడు నిమిషాలు. బడి పిల్లలకు బాక్సులు కడుతున్న వేళ. ములుగు జిల్లా మేడారం వైపు అడవుల్లో 5.3 తీవ్రతతో భూమి కదిలింది. హన్మకొండ అపార్ట్‌మెంట్లలో ఫ్యాన్లు ఊగాయి, గిన్నెలు చప్పుడు చేశాయి. జనం పిల్లల్ని చంకనేసుకుని మెట్ల మీంచి కిందికి పరుగెత్తారు. ఒక్క నిమిషంలో అంతా సద్దుమణిగింది. ఆ రోజంతా వాట్సాప్‌లో ఒకటే ప్రశ్న: అయిదంతస్తులకే ఇట్లుంటే పాతిక అంతస్తుల సంగతేంది?

ఈ భయం తల్లకిందులైంది. ఎత్తయిన భవనం ఊగడానికే కడతారు. నిలువునా ఉక్కు, కాంక్రీటు గోడలు లెక్కగట్టి, గాలికి, భూకంపానికి ఎంత ఊగాలో చూసుకుని, డిజైను ఇంకొకరితో తనిఖీ చేయించి కడతారు. వరంగల్ నేల కూడా అనుకూలమే. పద్మాక్షి గుట్ట, గోవిందరాజుల గుట్ట చూస్తే తెలుస్తుంది, చాలా చోట్ల కొద్ది లోతులోనే గట్టి గ్రానైటు రాయి తగులుతుంది. పూడిన చెరువు నేల మీద కడితే వేరే సంగతి.

నిజమైన ప్రమాదం మన కళ్ల ముందే వేల సంఖ్యలో నిలబడి ఉంది. పార్కింగ్ కోసం కింది అంతస్తులో గోడలు లేకుండా స్తంభాలు మాత్రమే పోసి, పైన నాలుగైదు అంతస్తులు గట్టిగా గోడలు కట్టిన స్టిల్ట్ అపార్ట్‌మెంట్లు. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో కూలినవి ఎక్కువగా ఇలాంటివే. పై అంతస్తులు చెక్కుచెదరకుండా కిందికి కూర్చుండిపోయాయి. ఇరవై నాలుగంతస్తుల దాన్ని చూసి భయపడే మనం, స్టిల్ట్ స్తంభానికి రంధ్రం చేసి నీళ్ల పైపు దూర్చే ప్లంబరును చూసి భయపడాలి.

కాకతీయుల స్థపతులకు ఈ కింది సంగతి తెలుసు. వేయిస్తంభాల గుడి 1163లో, రామప్ప గుడి 1213లో. పునాది గోతిలో ఇసుక నింపి, దాని మీద రాతి కట్టడం నిలబెట్టారు. పైనుంచి వచ్చే బరువును, కింది నుంచి వచ్చే అదురును ఇసుక సర్దుకుంటుంది. రామప్పలో శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. పైన బరువు తగ్గించు, కింద పట్టు పెంచు! వేయిస్తంభాల గుడి కల్యాణ మంటపాన్ని విప్పి మళ్లీ కట్టడానికి పురావస్తు శాఖకు పదిహేనేళ్ల పైనే పట్టింది. 2024 మార్చిలో గానీ పూర్తి కాలేదు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి పునాదిని మన తరం తిరిగి వెయ్యడానికి పట్టిన కాలం అది.

వాన పడితే తేలేది

అవ్వ కరెంటు ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. 2020 ఆగస్టు, 2023 జులై, 2025 అక్టోబరు చివరి మొంథా తుపాను. మూడుసార్లూ వరంగల్, హన్మకొండ కాలనీలు నీట మునిగాయి. హంటర్ రోడ్డు మీద పడవలు తిరిగాయి. 2023లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. నాలాల మీద, చెరువు శిఖం భూముల్లో కట్టుకుంటూ పోయిన పాపం ఒక్కరిది కాదు.

ఈ నీళ్లు ముందు దూరేది సెల్లారులోకి. మన భవనాల్లో ట్రాన్స్‌ఫార్మరు, ఎలక్ట్రికల్ ప్యానెలు, జనరేటరు, నీళ్ల మోటారు పెట్టేది ఎక్కువగా అక్కడే. సెల్లారు మునిగితే లిఫ్టు ఆగుతుంది, నీళ్లు ఎక్కవు. ఇరవయ్యో అంతస్తులో ఉన్న మనిషి పొడి కాళ్లతో బందీ అవుతాడు. చెరువుల ఊళ్లో మేడ కడితే కరెంటు గదిని నేలకు పైన పెట్టాలన్నది వరంగల్ మూడు వానల్లో నేర్చుకున్న పాఠం. అందులోనూ ఆసుపత్రికి.

ఇంకో సంగతి పైకి చెప్పుకోవడానికి మొహమాటం. వరంగల్‌కు భూగర్భ డ్రైనేజీ లేదు. ఇంతకాలం ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకు, నిండితే ట్యాంకరు. నాలుగు వేల కోట్లకు పైగా ఖర్చుతో ప్రాజెక్టు కాగితాల మీదికి వచ్చింది, పైపులు పడటానికి ఏళ్లు పడుతుంది. రెండు వందల ఫ్లాట్ల టవరు ఒకటి వస్తే ఆ మురుగు ఎటు పోవాలి? సొంతంగా శుద్ధి కేంద్రం పెడతామని బ్రోచరులో ఉంటుంది. అది నడవాలంటే నెలనెలా కరెంటు బిల్లు, మనిషి జీతం. కట్టినాయన తాళాలు అసోసియేషన్ చేతికిచ్చి పోయిన మరుసటి ఏడు దాన్ని ఆపేస్తే అడిగేవారెవరు? తాగునీటికి ఆధారమైన భద్రకాళి, వడ్డేపల్లి చెరువులు ఆ మురుగు చేరే నాలాల దిగువనే ఉన్నాయి.

మీద కాపురం పెట్టినవాళ్లు

మడికొండలో ఐటీ పార్కుకు 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ వచ్చాయి. హైదరాబాద్ వెళ్లకుండా సొంతూళ్లో ఉద్యోగం చేసుకుందామనుకునే యువ దంపతులు ఫ్లాట్ల వైపు చూస్తున్నారు. అమ్మానాన్నలు ఊళ్లో ఇంటికి తాళం వేసి వచ్చి వాళ్లతో ఉంటున్నారు. ఎనిమిదో అంతస్తు బాల్కనీలోంచి గాలి బాగుంటుంది, వెలుతురు బాగుంటుంది. నాన్నకు మాత్రం పొద్దు పోదు. అరుగు లేదు. దారినపోయేవాళ్లను పిలిచి కూర్చోబెట్టే వీలు లేదు. లిఫ్టులో ఎదురుపడ్డ మనిషి ఫోను చూసుకుంటాడు.

బతుకమ్మ పండుగొస్తే సంగతి ఇంకా తెలుస్తుంది. వేయిస్తంభాల గుడి ముందు ఎంగిలిపూల నాడు వేల మంది ఆడే ఊరు ఇది. టవరులో సెల్లారు ర్యాంపు మీద, కార్లు జరిపించి, డీజే పాటకు ఆడతారు. పూలను నిమజ్జనం చెయ్యడానికి ప్లాస్టిక్ టబ్బు. డిజైనర్లు పోడియం అని ఒక చదును వేస్తారు, కింది రెండు మూడు అంతస్తుల మీద తోట. దాన్ని జిమ్ముకు, కెఫేకు రాసిస్తే పండుగకు చోటుండదు. ఇంట్లో ఎవరైనా పోతే పాడెను దించడానికి లిఫ్టు చాలక మెట్ల మీద మలుపు మలుపుకూ ఒరిగించి దించిన కథలు ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉన్నాయి. స్ట్రెచరు పట్టే లిఫ్టు ఉందా అని ఫ్లాటు కొనేటప్పుడు అడిగేవాళ్లు తక్కువ. మార్బులు రంగు అడుగుతారు.

ధర తక్కువని ప్రీలాంచ్‌లో, అవిభాజ్య వాటా పేరుతో డబ్బు కట్టేవాళ్లకు ఒక మాట. రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, నమోదు నంబరు లేకుండా అమ్మకానికి ప్రకటన ఇవ్వడమే చట్టవిరుద్ధం. 500 చదరపు మీటర్ల స్థలం గానీ ఎనిమిది ఫ్లాట్లు గానీ దాటితే నమోదు తప్పనిసరి. అనుమతి రాని ఇరవై అంతస్తులకు బొమ్మ చూపించి డబ్బు తీసుకుంటే, రేపు పది అంతస్తులకే అనుమతి వస్తే మీ ఫ్లాటు గాల్లోనే.

స్టేషన్ ఎదుట

2024 నవంబరులో 2041 వరకూ వర్తించే మాస్టర్ ప్లానుకు ఆమోదం దొరికింది. అంతవరకూ నగరం 1970ల నాటి ప్లానుతోనే నెట్టుకొచ్చింది. కొత్త ప్లానులో రింగు రోడ్లు, జోన్లు, రంగులు ఉన్నాయి. అది ఎలా పనిచేస్తుందో తెలియాలంటే మ్యాపు కన్నా వరంగల్ రైల్వే స్టేషన్ ఎదుటికి పోవడం మేలు.

అక్కడ పాత బస్టాండు కూల్చేశారు. దాని చోట కింద బస్సులు, మీద వ్యాపార సముదాయంతో బహుళ అంతస్తుల ఆధునిక బస్ స్టేషన్ కట్టాలని 2023లో శంకుస్థాపన చేశారు. పాతది పోయినంత తొందరగా కొత్తది రాలేదు. ఎండలో, వానలో మూటలతో రోడ్డు పక్కన నిలబడ్డ ప్రయాణికుడికి ఆ ఆలస్యం బాగా తెలుసు. అయినా ఊళ్లో మిశ్రమ వినియోగ భవనానికి ఇంతకన్నా తగిన చోటు లేదు. రైలు దిగినవాడు రోడ్డు దాటితే బస్సు, బస్సు ఎక్కేలోపు అంగడి, మీద ఆఫీసులు, నడక దూరంలో బట్టల బజార్. ఇంకా పైన కొన్ని అంతస్తులు తక్కువ అద్దె ఇళ్లకు, పని చేసే ఆడపిల్లల హాస్టలుకు ఇస్తే, రాత్రి పదకొండింటికి బస్సు దిగిన అమ్మాయికి చీకటి వీధి ఎదురవ్వదు.

ఇలాంటి భవనాల్లో మామూలుగా జరిగేది తెలిసిందే. కింది మడిగెలను వేలం వేస్తారు. గుడ్‌విల్లు లక్షల్లో పాడగలిగినవాడికి దక్కుతాయి, బ్రాండు షోరూములు వస్తాయి. బస్టాండు నీడన ముప్పై ఏళ్లు పండ్లు, పూలు, పల్లీలు అమ్మినవాళ్లు మళ్లీ రోడ్డెక్కుతారు. వాళ్లు రోడ్డెక్కితే బస్సు తిరిగే జాగ తగ్గుతుంది, ట్రాఫిక్ పోలీసు వచ్చి తరుముతాడు, మర్నాడు మళ్లీ వస్తారు. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. దాని ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, సర్వే జరగాలి, అమ్ముకునే చోట్లు గుర్తించాలి. బస్ స్టేషన్ కింది అంతస్తులో ఎన్ని మడిగెలు, ఎంత కొలత, ఎవరికి, ఏ కిరాయికి అన్న లెక్క టెండరు కాగితాల్లోకి ఎక్కాలంటే స్లాబు పోసే ముందే ఎక్కాలి. ఆరడుగుల గదులు కావాలా, ముప్పై అడుగుల షోరూములు కావాలా అన్నది స్తంభాల దూరం తేలుస్తుంది. స్తంభాలు లేచాక కార్పొరేటరు చుట్టూ, కుడా ఆఫీసు చుట్టూ ఎంత తిరిగినా అవి జరగవు.